బంగారి మెడ మీద సుడి

మా చిన్నప్పుడు చీరాలలో చలికాలం తెల్లవారిందంటే... ముందు ఎండుగడ్డి వాసన, ఆ వెనకే గుర్రం వాసన.

మా నాన్నది జట్కాబండి. జట్కా మస్తాన్ అంటే రైల్వేస్టేషన్ దగ్గర తెలియనివాళ్ళు లేరు. బండి లాగేది బంగారి... ఎర్రటి ఆడగుర్రం. దాన్ని మాలీసు చేసే పని నాది. అన్నయ్యలిద్దరూ దుప్పటి ముసుగుతన్ని పడుకుంటే, నేను పీట పట్టుకుని పాకలోకి పరిగెత్తేదాన్ని. నన్ను ఎవరూ లేపక్కర్లేదు.

చలిలో గుర్రానికి నీళ్ళు పోయకూడదు. ఎండుగడ్డిని మెలిపెట్టి, పీటెక్కి, వీపు నుంచి కాళ్ళదాకా పొడిగా రుద్దాలి... ఒళ్ళు వెచ్చబడేదాకా. దుమ్ము లేచి నాకు తుమ్ములొచ్చేవి. నేను తుమ్మినప్పుడల్లా బంగారి చెవులు ఆడించేది. పనయ్యాక చేతులు దాని జూలు కింద దూర్చి కాచుకునేదాన్ని. అబ్బ... ఏ కుంపటి దగ్గరా అంత హాయి ఉండదు.

ఒక్కటే దిగులు. బంగారి మెడ మీద ఓ సుడి ఉండేది... వెంట్రుకలు గుండ్రంగా తిరిగి. అక్కడ సుడి ఉంటే యజమానికి అరిష్టమని గుర్రాలవాళ్ళ నమ్మకం. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఆఖరికి పాలు విరిగినా, మా నాయనమ్మ ఆ సుడినే ఆడిపోసుకునేది. దాన్ని అమ్మెయ్యమని రోజూ నాన్న ప్రాణం తీసేది. ఎక్కడ అమ్మేస్తారోనని నాకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు చలి మొదలై, గుర్రం ఒంటి మీద జుట్టు ఒత్తుగా పెరుగుతున్న రోజుల్లో నాన్న నన్ను పిలిచి చేతిలో ఆముదం గిన్నె పెట్టాడు.

"రోజూ కాస్త రాసి జుట్టు కిందికి దువ్వమ్మా. సుడి పోద్ది. పోయిందంటే మీ నాయనమ్మ ఇంక అమ్మమని అనదు."

అంతే... ఇక నాకు వేరే లోకం లేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి, చర్మం పగిలి మంటెత్తేది... అయినా మానలేదు. దువ్వడం, అరచేత్తో అణచడం, మళ్ళీ దువ్వడం. నా తలకి కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా నూనె రాసుకోలేదని అమ్మ ఎగతాళి చేసేది.

చలి ముదిరేసరికి సుడి మాయమైంది. తడిమి చూసినా తగల్లేదు. గంతులేస్తూ వెళ్ళి నాన్నని లాక్కొచ్చి చూపించాను. మా అమ్మే, మా తల్లే అని నాన్న మురిసిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకి బాపట్ల వైపు నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. సుడి పోయిందో లేదో చూడమని నాయనమ్మే పిలిపించిందనుకున్నాను. ఆయన బంగారి పళ్ళు చూశాడు, కాళ్ళు ఎత్తి చూశాడు, మెడ నిమిరాడు. చెడ్డ సుడులేమైనా ఉన్నాయా అని నాన్నని అడిగాడు.

"నన్నెందుకండీ... మా పిల్లనడగండి. రోజూ రుద్దేది అదే. పసిదానికి అబద్ధాలు తెలీవు."

"ఒక్కటీ లేదండీ" అన్నాను గట్టిగా. బంగారిని కాపాడేశానని నా ఛాతీ పొంగిపోయింది.

ఆయన పలుపు విప్పి బంగారిని నడిపించుకుపోతుంటే కాసేపు నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వీధిలోకి ఉరికాను. అమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

మర్నాడు పాకలో కొత్త సైకిల్‌రిక్షా ఉంది. అది కొనాలని నాన్న ఎప్పుడో అనుకున్నాడట. అమ్మకి తెలుసు, అన్నయ్యలకి తెలుసు. చలికాలం జుట్టులో అయితే సుడి దాగుతుందని అందరూ ఆగారట. అమ్మడానికి వాళ్ళు చేయించిన పనిని, ఉంచుకోవడానికనుకుని నేను చేశాను. ఏడుస్తూ నిలదీస్తే నాన్న అన్న మాట ఇది...

"నువ్వు అబద్ధమాడలేదుగా తల్లీ. నీకు తెలిసిందే చెప్పావు."

ఎండలు ముదిరాక గుర్రాలకి చలికాలపు జుట్టు రాలిపోతుంది. ఓ మధ్యాహ్నం ఆ పెద్దాయన మా గుమ్మంలోకి వచ్చాడు. నాన్న ఇంట్లో లేడు. నేనొక్కదాన్నే ఎదురుపడ్డాను. సుడి బయటపడిందన్నాడు. అరుస్తాడనుకున్నాను... అరవలేదు.

"నీ మాట మీదే కొన్నానమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. బంగారి ఎలా ఉందో అడుగుదామని వీధి మలుపుదాకా వెనకే వెళ్ళి, అడక్కుండానే తిరిగొచ్చేశాను.

ఇప్పుడు స్టేషన్ బయట జట్కాలూ లేవు, రిక్షాలూ లేవు... అన్నీ ఆటోలే. గుర్రాన్ని దగ్గరగా చూసిన పిల్లలే లేరు. నాన్న పోయి కూడా చాలా ఏళ్ళయింది. చెడ్డవాడేం కాదు... మమ్మల్ని ఒక్క పూటా పస్తు ఉంచలేదు. కానీ ఈ ఒక్క సంగతిలో నాకు ఆయన మీద కోపం పోలేదు. పోదు కూడా.

ఇంటిల్లిపాదికీ తెలిసి, మీ ఒక్కరికే తెలియకుండా జరిగిన ముచ్చట మీకూ ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... నేనైతే ఆ చలికాలం తర్వాత, నాన్న ముద్దుగా "అమ్మా" అని పిలిచినప్పుడల్లా, ఇప్పుడు నాతో ఏం పనిపడిందో అని చూసేదాన్ని.