నల్లా వచ్చిన దినం పోయే నెట్టు

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చేతిల పనుంటే పక్కకు పెట్టుండ్రి. ఇంట్ల నెట్టు ఉన్నట్టుండి ఎందుకు పోతదని చానామంది నన్ను అడుగుతరు. ఒక ఇంటి ముచ్చట చెప్త, ఇనుండ్రి.

2022 ఎండకాలం. మా నెట్టు దుకాణం చిక్కడపల్లిల. మా ఆయన స్తంభాల మీది వైర్లు చూసుకుంటడు, ఇండ్లల్లకు పోయి రూటర్లు, లాప్‌టాపులు చూసేది నేను. రూటరంటే, వైరుల వచ్చిన నెట్టును గాలిలకు ఇడిచే డబ్బా. నేను సదివింది ఐదో తరగతే. ఈ పని చూసి చూసి, చేతుల పట్టి నేర్సుకున్న.

అశోక్‌నగర్ గల్లీల మొదటి అంతస్తు ఇల్లు. కోడలు స్వప్న, అత్త బాలమణమ్మ, పాలు తాగే పసిపిల్ల. స్వప్న లోపలి అర్రల కూసొని, లాప్‌టాప్‌ల ఒక కంపెనీ కస్టమర్ల ఫోన్లు ఎత్తుతది.

"అక్కా, మాట మధ్యల కట్టయితున్నది," అన్నది. "ఇంకోసారి ఇట్లయితే ఇంటి నుంచి పని బంద్, ఆఫీసుకే రావాలె అన్నది మా మేడం. ఆఫీసేమో ఊరికి ఆ కొసకున్నది. పిల్లను ఇడిచి ఎట్ల పోత? పని మానుడే ఇగ."

లాప్‌టాప్ తెరిచి స్పీడ్ టెస్ట్ పెట్టిన. నెట్టు ఎంత జోరుగ వస్తున్నదో చూపే పరీక్ష అది. మంచిగ వచ్చింది. కొద్దిసేపు కూసున్న, చాయ తాగిన, ఒక్కసారి కూడ తెగలే.

"మీరొస్తే మంచిగైతది, మీరు పోతే ఖరాబైతది," అన్నది స్వప్న, ఏడ్వలేక నవ్వుకుంట.

"డాక్టరును చూస్తే జ్వరం దిగినట్టు," అన్నది బాలమణమ్మ. "దిష్టి తగిలింది బిడ్డా. నేను చెప్తె ఇనదు."

తెల్లారి స్వప్న ఫోన్ చేసింది. "అక్కా, పోయింది. ఉరికి రాండ్రి!"

పోయి చూస్తే నిజమే. రూటర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నయి! బాలమణమ్మ పెద్దమ్మ పనే. లోపలి అర్రల సిగ్నల్ సచ్చిపోయింది. నా ఫోన్ పట్టుకొని చూసిన, దాంట్ల కూడ అంతే. అంటే లాప్‌టాప్ తప్పు కాదు. అదే లాప్‌టాప్ రూటర్ పక్కకు తెస్తే నెట్టు పరుగెత్తింది. అంటే వైరు తప్పు కూడ కాదు. రూటర్‌కూ ఆ అర్రకూ నడుమ ఏదో అడ్డం పడుతున్నది. గోడ అనుకుందమా అంటే, గోడ నిన్న కూడ ఉన్నదాయె!

స్వప్నను అడిగిన. "ఏ టైముకు పోతది?"

"టైమేం లేదక్కా. ఒకనాడు పొద్దంతా ఖరాబు. తెల్లారి మంచిగుంటది. మల్ల ఖరాబు."

గప్పుడే బాలమణమ్మ తడి చేతులు కొంగుకు తుడుసుకుంట వచ్చింది. "నల్లా నీళ్లొచ్చే దినం పానం పానంల ఉండదు బిడ్డా. దినం తప్పి దినమొస్తది, వచ్చిన కాడికి పట్టుకోవాలె. నడుములు ఇరిగినయి."

దినం తప్పి దినం! నా చెవులు నిక్కినయి.

"పెద్దమ్మా, నీళ్లు దేంట్ల పట్టినవు?"

"దేంట్ల పడతరు? డ్రమ్ములల్ల."

హాలుకూ లోపలి అర్రకూ నడుమ సన్న సందు. ఆడ రెండు పెద్ద నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, అంచుల దాకా నీళ్లు. వాటి ఎనుక, ప్లగ్గున్న కాడ, చిన్న స్టూలు మీద రూటర్. నెట్టు లోపలికి పోవాలంటే ఆ నీళ్లను దాటి పోవాలె. ఖాళీ ప్లాస్టిక్ ఏమనదు, నీళ్లు మాత్రం సిగ్నల్‌ను మింగుతయి. తెల్లారి వాడకంల నీళ్లు దిగితే నెట్టు మల్ల మంచిగైతది.

చెప్తె పెద్దమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకున్నది. "ఏందీ? నా నీళ్లు దాని నెట్టును తాగినయా?"

"నిజమో కాదో చూద్దం పెద్దమ్మా. ఒక్కసారి డ్రమ్ములు ఖాళీ చేస్తె..."

"పారబోస్తవా? నల్లా నీళ్లు?" డ్రమ్ముకు అడ్డం నిలబడ్డది. "ఎండకాలంల ట్యాంకర్ కాడ బిందెలు పట్టుకొని నిలబడ్డదాన్ని నేను. ఒక్క చెంబు మోరిల పోనియ్య."

ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది? స్వప్న తలుపు కాడ పిల్లను ఎత్తుకొని నిలబడ్డది. పెద్దమ్మ కోడలి మొకం చూసింది, డ్రమ్ములు చూసింది.

"పారబొయ్య," అన్నది. "దుప్పట్లు తియ్యి స్వప్నా. చలికాలం నుంచి అట్లనే ఉన్నయి. కర్టెన్లు గూడ తియ్యి. ఉతుకుడే!"

ఇగ చూడుండ్రి మా తమాష. పెద్దమ్మ ఉతుకుడు, నేను బకెట్లు ముంచుడు, స్వప్న లోపల లాప్‌టాప్ ముందల కూసొని ఒర్రుడు.

"సిగ్నల్ ఒక గీత వచ్చింది!"

"ఇంకో దుప్పటి తే!" అన్నది పెద్దమ్మ.

డ్రమ్ముల నీళ్లు దిగుతున్న కొద్ది గీతలు ఎక్కినయి. అడుక్కు వచ్చేసరికి "ఫుల్లు, అత్తమ్మా, ఫుల్లు!" అని స్వప్న బయటికి ఉరికొచ్చింది. పెద్దమ్మ సబ్బు చేతులతోనే ముక్కు మీద ఏలేసుకున్నది. ఆనాడు మిద్దె మీద బట్టలారేసే తీగలన్ని నిండినయి.

డ్రమ్ములు జరపనన్నది పెద్దమ్మ, జరపమని నేను కూడ అడగలే. వాటికి వేరే జాగ లేదు. కోఠి బజార్ల పొడుగు వైరు తెచ్చి, రూటర్‌ను గోడకు ఎత్తుల ఉన్న సజ్జ మీదికి ఎక్కించిన. ఇప్పుడు సిగ్నల్ నీళ్ల మీదికెళ్లి పోతది.

అయినా మల్ల నల్లా దినం దాకా నాకు నమ్మకం కుదరలే. ఆనాడు పిలవకుండనే పోయిన. డ్రమ్ములు పొర్లేటట్టు ఉన్నయి. లోపల స్వప్న ఫోన్ల మాట్లాడుతున్నది. పెద్దమ్మ పిల్లను భుజాన ఏసుకొని, మూతి మీద ఏలు పెట్టి నాకు సైగ చేసింది. ఇద్దరం సందుల నిలబడి ఇన్నం. మాట తెగలే. ఒకటి అయిపోయింది, ఇంకోటి ఎత్తింది. అదీ తెగలే.

"నిమ్మకాయ పని చేసింది," అన్నది పెద్దమ్మ మెల్లగ, నవ్వుకుంట. చూస్తే సజ్జ మీద రూటర్‌కు కొత్త నిమ్మకాయ. నేను తియ్యలే.

ఆనాటి నుంచి ఏ ఇంటికి పోయినా లాప్‌టాప్ తెరిచే ముందల అడుగుత: నీళ్లు ఎప్పుడొస్తయి, బీరువా ఎప్పుడు జరిపిండ్రు, వంట ఏ దిక్కు? డబ్బాకు తెలియనిది ఇంటికి తెలుస్తది.

ఇన్నరు గద, సల్లగుండుండ్రి. మీ డ్రమ్ములు నిండుండాలె, మీ ఇంటోళ్ల మాట నడుమ తెగకుండాలె.