రెండోసారి తెరిచిన ఫైలు

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా వెనక సీట్లో కూర్చుంటుంది. మొన్న మధ్యాహ్నం నేను ఏదో చదువుకుంటుంటే ఆమె కీబోర్డు చప్పుడు చెవిన పడింది. గబగబా, ఆగకుండా, మధ్యలో ఒక్కసారి కూడా మౌస్ క్లిక్ వినపడకుండా సాగిపోతున్న టైపింగ్. వెనక్కి తిరిగి చూడలేదు, చదువుతున్నది పక్కన పెట్టేశాను. ఎప్పుడో చల్లారిందనుకున్న పాత మంట మళ్లీ లేచింది. అలా మౌస్ ముట్టకుండా పనిచేసే మనిషి పక్కన నేను నాలుగేళ్లు కూర్చున్నాను. ఆమె పేరు స్వరూప. నాకు పని నేర్పింది ఆమేనని ఇవాళ చెప్పగలను. అప్పట్లో మాత్రం ఆమె సెలవు పెట్టిన రోజునే నాకు అన్నం సయించేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో పుస్తకాల దుకాణాల పైన, రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. కోచింగ్ సెంటర్లకు పరీక్షల సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. స్వరూపా నేనూ ఒకే వారంలో చేరాం. మాది గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన కుటుంబం. ఉద్యోగం వచ్చిందని నాన్న కొత్త లాప్‌టాప్ కొనిచ్చారు. వాళ్లది నల్గొండ దగ్గర పల్లె. వాళ్ల నాన్న ఎల్బీ నగర్ నుంచి తుర్కయంజాల్ దాకా షేర్ ఆటో నడిపేవాడు. ప్రోగ్రాములు రాసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్‌ను ఎడిటర్ అంటాం. నాది అన్ని హంగులూ ఉన్నది. సగం పదం కొడితే మిగతా సగం అదే పూర్తిచేసేది, తప్పు రాస్తే కింద ఎర్రగీత గీసేది. ఆమెది ఒట్టి నల్లటి తెర. బొమ్మల్లేవు, మెనూ లేదు, అన్నీ మీటలతోనే. అయినా నేను ఒక పని ముగించేసరికి ఆమె రెండు ముగించి, కిటికీ దగ్గర నిలబడి చాయ్ తాగుతూ ఉండేది.

"ఇన్ని మీటలు ఎలా గుర్తుపెట్టుకుంటావు స్వరూపా?" అని ఒకరోజు అడిగాను.

"గుర్తుపెట్టుకునుడు ఏం లేదు మాధవీ. వేళ్లకు తెల్సు, గంతే," అంది నవ్వుతూ.

ఆమె నవ్వింది మామూలుగానే. నాకు మాత్రం అది నన్ను తక్కువ చేసినట్టు వినపడింది. మా యజమాని ప్రసాద్ గారు ఏ అనుమానం వచ్చినా ఆమె వైపే తల తిప్పేవారు. ఆ తల నా వైపు తిరగడం కోసం నేను ఏమైనా చేసేదాన్ని.

ఒక ఆదివారం వాళ్లింటికి పిలిచింది. ఎల్బీ నగర్ లోపలి గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు. మూలన బల్ల మీద, పసుపు రంగుకు తిరిగిన పాత కంప్యూటర్ ఒకటి ఉంది. వాళ్లమ్మ చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, "గిండ్లనే నేర్చుకున్నది బిడ్డా, కాలేజికెళ్లి వచ్చినంక లేవకపోతుండె," అంది. స్వరూప దాని మీది దుమ్ము తుడుస్తూ, "దీంట్ల వేరే ఎడిటర్ ఏది పెట్టినా ఆగిపోతుండె. గీ నల్ల తెర ఒక్కటే నడిచింది. ఇంకేం జేస్త, గిదే నేర్చుకున్న," అంది. ఆ మాట విని ఎవరికైనా ఆమె మీద గౌరవం కలగాలి. నాకు ఆ పాత కంప్యూటర్ మీద కూడా అసూయ కలిగింది. నాకు అలాంటి డొక్కు యంత్రం ఉండి ఉంటే నేనూ ఇలాగే అయ్యేదాన్ని అనుకున్నాను. ఆమెకు లేనిదాన్ని కూడా ఆమె అదృష్టంగా లెక్కగట్టేంత దూరం వెళ్లానని ఆ రోజు నాకు తెలియలేదు.

కొన్నాళ్లకు ఆఫీసులో నలుగురు కొత్తవాళ్లు చేరారు. అందరూ ఒకే ఎడిటర్ వాడితే నేర్పడం తేలికని ప్రసాద్ గారు అనుకున్నారు. "నాలుగైదు ఎడిటర్లు పోల్చి ఒక రిపోర్టు రాయమ్మా మాధవీ. ఏది త్వరగా తెరుచుకుంటుంది, ఏది ఎంత మెమరీ తింటుంది, దేంట్లో ఏ సదుపాయాలున్నాయి, అన్నీ ఉండాలి," అన్నారు. చివరికి ఆ తల నా వైపు తిరిగింది.

నేను చేసిన పని దాచకుండా చెబుతాను. ఏ కంప్యూటర్లోనైనా ఒక ఫైలునైనా సాఫ్ట్‌వేర్‌నైనా ఒకసారి తెరిస్తే అది కాసేపు మెమరీలో నిలిచి ఉంటుంది. వెంటనే మళ్లీ తెరిస్తే చాలా వేగంగా తెరుచుకుంటుంది. స్వరూప ఎడిటర్‌ను, యంత్రం అప్పుడే ఆన్ చేసి, మొదటిసారి తెరిచినప్పుడు కొలిచాను. నాదాన్ని రెండోసారి తెరిచినప్పుడు కొలిచాను. పెద్ద ఫైళ్లనూ అలాగే కొలిచాను. పైగా అన్నీ నా కొత్త లాప్‌టాప్ మీదే. కొత్తవాళ్లకు ఇచ్చిన పాత యంత్రాలను ముట్టుకోనేలేదు. పట్టికలో దాదాపు ప్రతి వరుసలోనూ నాదే గెలిచింది.

ప్రసాద్ గారికి ఇచ్చే ముందు స్వరూప ఆ పట్టిక చూసింది. నా ఎడిటర్ వరుసలో ఒక అంకె మీద వేలు పెట్టి, "ఇది మొదటిసారి తెరిచిందా, రెండోసారిదా?" అని అడిగింది.

"మొదటిసారే," అన్నాను.

నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "సరే," అంది. అంతే. మర్నాటి నుంచి కొత్తవాళ్లందరికీ నా ఎడిటరే వచ్చింది. వాళ్ల యంత్రాలు మూలుగుతూనే ఉన్నాయి. నేను వినపడనట్టే ఉన్నాను.

రెండు వారాల తర్వాత ఒక కోచింగ్ సెంటర్ పరీక్ష ఫలితాలు మధ్యాహ్నం పన్నెండుకు వెబ్‌సైటులో పెట్టాలి. పదకొండున్నరకు చూస్తే మార్కులన్నీ ఒక పేరు దగ్గర నుంచి పక్క పిల్లల పేర్ల మీదికి జరిగిపోయి ఉన్నాయి. లక్షల వరుసల ఫైలులో ఎక్కడో ఒక్క గుర్తు తప్పింది. కొత్తవాళ్ల యంత్రాలు ఆ ఫైలును తెరవబోయి బిగుసుకుపోయాయి. నా లాప్‌టాప్‌లోనూ తెర తెల్లబడి కదలడం మానేసింది. తప్పు మార్కులు చూసుకుని ఏడ్చే పిల్లలు కళ్ల ముందు మెదిలారు. స్వరూప లేచి వచ్చి, అన్నిటికంటే పాత యంత్రం ముందు కూర్చుంది. నల్లటి తెర తెరిచి నాలుగు మీటలు కొట్టింది. "గిదే. పేరు నడుమ కామా పడ్డది," అంది. ఆ ఫైలులో ఒక్కో గడినీ విడదీసేది కామానే, ఒకటి ఎక్కువైతే ఆ తర్వాతివన్నీ ఒక్కో గడి పక్కకు జరిగిపోతాయి. సరిచేసింది. పన్నెండుకు ఇంకా ఏడెనిమిది నిమిషాలున్నాయి.

ప్రసాద్ గారు నా రిపోర్టు చేత్తో పట్టుకుని వచ్చారు. "మరి ఇందులో పెద్ద ఫైళ్లకు నీ ఎడిటరే మేలని రాశావేంటమ్మా?"

నేను తెల్లబడ్డ నా తెర వైపు తిరిగాను. స్వరూప కుర్చీ లోంచి లేవకుండానే, "దాంట్ల మొదటిసారివి, రెండోసారివి కలిసిపోయినయ్ సార్. మల్ల కొలవాలె. నేను, మాధవి కలిసి కూసుంటం," అంది. నన్ను పట్టివ్వలేదు, అబద్ధమూ చెప్పలేదు. ఆ మధ్యలో నిలబడేందుకు అంత చోటు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడు రోజులు కలిసి కొలిచాం. ప్రతిసారీ యంత్రం ఆపి మళ్లీ ఆన్ చేయించేది. ఒక్కో కొలత ఐదుసార్లు, పాత యంత్రం మీద, కొత్తదాని మీద. ఒక పేరును యాభై ఫైళ్లలో ఒకేసారి మార్చే పరీక్షలో నా ఎడిటర్ తేలిగ్గా గెలిచింది. "నాది ఓడిపోయింది, రాయి," అంది. ప్రోగ్రాము నడుస్తుండగా ఎక్కడ తప్పుతోందో చూపించే డీబగ్గర్ నా ఎడిటర్‌లోనే ఉంది, అక్కడికొచ్చేసరికి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "గిది మస్తుంది. నాకు జర నేర్పియ్యవా?" పాత యంత్రాలకు తేలికైన ఆమె ఎడిటర్, కొత్తవాటికి నాది అని చివరికి రాశాం. కిందటి ఏడాది నగరం అవతలి వైపు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయేదాకా ఆమే మా టీముకు పెద్ద.

ఆఖరి రోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర ఆమెను ఆపాను. ఆ మాట చెప్పకుండా పంపలేకపోయాను.

"స్వరూపా, ఆ మొదటి రిపోర్టులో నేను కావాలనే అలా కొలిచాను."

"తెల్సు," అంది. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "నేను గూడ గప్పుడే ఇంటికాడ ఒక పట్టిక చేసిన. నాదే గెలిచేటట్టు. డీబగ్గర్ వరుసనే పెట్టలే. నీ ఇంగ్లీషు, నీ లాప్‌టాప్ చూస్తే నాకు ఎట్లుంటుండెనో నీకేం తెల్సు?"

"మరి?"

"సార్‌కు ఇయ్యలే. గంతే."

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు నేను ఏ అంకె రాసినా పక్కన ఎలా కొలిచానో రాస్తాను. మొదటిసారివి, రెండోసారివి వేర్వేరు గడుల్లో పెడతాను. అది చూసి ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చాలా నికార్సైన మనిషి అంటారు. కాను. ఆమె వేగం మీద, పేరు మీద అసూయ ఎప్పుడో పోయింది. ఎల్బీ నగర్‌లోని ఆ గదిలో, తను గెలిచే పట్టికను ఎదురుగా పెట్టుకుని, ఇవ్వకూడదని ఒంటరిగా నిర్ణయించుకున్న ఆ నిమిషం మీద మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.