మా ఆయన ఆఖరి గోడ

మా ఆయన మ్యూజియంలో రంగులు వేస్తారంటే అందరూ బొమ్మలు గీస్తారనుకునేవారు. నేనూ కాదనేదాన్ని కాదు, ఆ గొప్ప నాకూ పనికొచ్చేది. నిజానికి ఆయన వేసేది గోడలకు తెల్లరంగు. ఒక ప్రదర్శన ముగిసి బొమ్మలు దించగానే మేకుల గుంతలు లప్పంతో పూడ్చి, గరుకుకాగితంతో రుద్ది, మళ్ళీ తెల్లగా చేయాలి. తెల్లగోడకు తెల్లరంగు వేసి అలసిపోయారా అని నేను ఎగతాళి చేస్తే, నవ్వేవారు. గోడ ఎవరి కంటా పడకపోతేనే పని బాగా కుదిరినట్టట.

ఆయన పోయాక నేను గడప దాటడం లేదని మా ఆడపడుచు పట్టుబట్టి మ్యూజియాలు చూపించడానికి తీసుకెళ్ళింది. ఒక్కరోజులో మూడు. తనకు బొమ్మల మీద ఆశ. నాకేమో ఆయన ఆఖరున వేసిన గోడను ఒక్కసారి తాకాలని. పైకి అంటే మతి చలించిందనుకుంటుందని నోరు మెదపలేదు. అది మూడో మ్యూజియంలో, మెట్లెక్కగానే ఉన్న గదిలో ఉందని మాత్రం తెలుసు.

మొదటి రెండింటిలో నేను చూసినవి కూర్చోవడానికి వేసిన బల్లలే. బొమ్మ పక్కన అంటించిన చీటీలో నాలుగు ముక్కలూ కూడబలుక్కునేలోగా మా ఆడపడుచు అవతలి గదిలో ఉండేది. చేతుల్లేని రాతిబొమ్మను చూసి నేను అయ్యో పాపం అంటే, అవి విరిగి వెయ్యేళ్ళయింది, ఇప్పుడు బాధపడి ఏం లాభం, పద వదినా అంది.

మూడోది ఆయన పనిచేసిన మ్యూజియం. మెట్లెక్కి ఆ గదిలోకి అడుగుపెట్టగానే ఎడమచేతి గోడ నున్నగా మెరుస్తూ కనిపించింది. ఇదేనని మనసు చెప్పింది. అరచెయ్యి ఆనించాను. దుఃఖం ఆగలేదు. కాపలాదారు వచ్చి ముట్టుకోకూడదన్నాడు. ఎందుకు ముట్టుకున్నానో చెప్పక తప్పలేదు. మా ఆయన్ని ఎరుగునట. ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"ఈ గోడకు మొన్ననే వేరే మేస్త్రి రంగేశాడమ్మా."

ముక్కూ మొహం తెలియనివాడి గోడకు అంత ఏడుపు ధారపోశానన్నమాట. నా మనసు చెప్పే మాటలెప్పుడూ ఇంతే. సిగ్గుతో కళ్ళు తుడుచుకుని, మరి ఆయనది ఏదీ మిగల్లేదా అని అడిగాను.

అతను ఎదురుగా ఉన్న పెద్ద బొమ్మ చూపించాడు. దాన్ని దించాలంటే పదిమంది పట్టాలట. అందుకే దాన్ని కదపకుండా చుట్టూ మాత్రం కొత్తరంగు వేశారట.

"దాని వెనకంతా మీ ఆయన చేతి పనేనమ్మా."

వెళ్ళి దాని ముందు నిలబడ్డాను. ఎర్రగా, నల్లగా ఏవో మరకలు. వాటిని దాటి అవతలికి చూడాలని కళ్ళు చికిలించాను. నా వాలకం చూసి ఎవరో పెద్దమనిషి కూడా పక్కన చేరి, గడ్డం నిమురుకుంటూ తలాడించాడు. బొమ్మల సంగతి తెలిసినదాన్ననుకున్నాడు పాపం.

మా ఆడపడుచు వెనక్కి వచ్చింది. "ఇందాకటి నించీ ఏం చూస్తున్నావు వదినా ఇందులో?"

"దీని వెనక గోడ మీ అన్నయ్య వేసింది."

అంతవరకు కాలు నిలవని మనిషి చేతిసంచీ కింద పెట్టేసింది. దీన్ని ఎప్పుడు దించుతారని మెల్లగా అడిగింది. కాపలాదారుకూ తెలియదట.

ఆ బొమ్మ నాకు బొత్తిగా నచ్చలేదు. అయినా అది అక్కడే పదికాలాలపాటు చల్లగా ఉండాలని కోరుకుని బయటికొచ్చాను.