మంటపంలో మిరప కల్లం

2003 మార్చి 16, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలకు మొదటి చినుకు పడింది.

ప్రత్తిపాడు దాటాక, మేము కౌలుకు చేసే చేని పక్కనే ఒక శిథిలాలయం ఉండేది. విగ్రహం ఎప్పుడో పోయింది. మంటపం కప్పు కూలి స్తంభాలు మాత్రం మిగిలాయి. మాకు అదే మిరప కల్లం. రాతినేల మీద కాయ త్వరగా ఎండేది. స్తంభాల మధ్య తాడు కట్టి అమ్మ బట్టలు ఆరవేసేది. మేకలు ద్వారశిలకు వీపు రుద్దుకునేవి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కాలేజీ గ్రంథాలయంలో ఒక చిత్రకళా గ్రంథం తిరగేస్తుండగా ఇటువంటి దృశ్యమే కనిపించింది: ఏదో పరదేశంలో విరిగిన పాలరాతి స్తంభాలు, వాటి నడుమ బట్టలుతికే స్త్రీలు, పశువులు, బంగారు వెలుగు. మా బ్రతుకును ఎవరో ఆదరంతో చూసినట్లు పొంగిపోయాను.

ఆ ఏడు పంట దెబ్బతింటే కౌలు మరొకరికి ఇస్తానని భూయజమాని ముందే చెప్పాడు.

చినుకు పడగానే నాన్న, అమ్మ, అమ్మ తమ్ముడైన మా మామయ్య, నేను కాయలన్నిటినీ గర్భగుడిలోకి లాగాము. కప్పు నిలిచింది అక్కడొక్కచోటే. అదీ కారుతుందని కాయల మీద టార్పాలిన్ పట్టా పరిచాము.

"దేవుడు ఖాళీ చేసిన కొంపలో దిగావు బావా. అద్దె వసూలుకొచ్చాడు చూడు," అన్నాడు మామయ్య.

"వాగింది చాల్లేరా. ఆ చివర రాయి పెట్టు," అన్నాడు నాన్న.

వాన ముదిరింది. అమ్మ పట్టా కింద చెయ్యి పెట్టి చూసింది.

"ఏవయ్యా, కిందనుంచి తడుస్తన్నాయి."

గర్భగుడి నేల పల్లం. అభిషేకజలం పోవడానికి గోడ అడుగున పూర్వులు తూము పెట్టారు. కాయలు పోసేముందు కల్లం అలకడం మా ఆచారం కనుక, ఏటా పేడా మట్టీ కలిపి రాళ్ల సందులతోపాటు ఆ తూమునూ అలికేస్తూ వచ్చాము. కల్లం మీద కాయలుండగా అంతటి వాన మునుపెన్నడూ పడలేదు. మంటపంలోని నీరంతా లోపలికి చేరి, పోయే దారి లేక కాయల కింద నిలిచింది.

నాన్న గడ్డపారతో పొడిచాడు. ఏళ్ల తరబడి గట్టిపడిన అలుకు పెచ్చుగానైనా రాలేదు. నేను దోసిళ్లతో ఎర్రటి నీళ్లు తోడాను. ఘాటుకు గోళ్ల సందులు మండాయి. ఆ చిత్రంలోని స్త్రీలకు ఎటువంటి వాన వచ్చిందో చిత్రకారుడు చూసి ఉండడని అప్పుడనిపించింది.

"లే అమ్మాయ్, ఇంక లే," అన్నాడు నాన్న. నేను లేవలేదు.

అమ్మ గడప మీద కూలబడింది. "ఎవరికి మొక్కేదయ్యా? ఇక్కడెవరున్నారు?" అంది.

కాయలన్నీ బూజుపట్టి తెల్లబడ్డాయి. మరుసటి ఏడు ఆ చేను వేరొకరు వేశారు. నాన్న చీమకుర్తిలో గ్రానైట్ కోసే పనికి కుదిరాడు, అమ్మ అక్కడి కూలీలకు వంట చేసింది. నేను ఒంగోలులో గుమాస్తాగా చేరాను.