రెండో పోత

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాలంటే మైనం పిన్నికి ఒళ్లు మంట. చర్చిలో దాన్ని ఆగమన కాలం అంటారు. ప్రభువు రాక కోసం ఎదురుచూసే కాలం. వారానికొకటి చొప్పున పీఠం దగ్గర నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ నాలుగూ పిన్ని చేత్తో పోసినవే. ఫాదరుగారు నిరీక్షణ గొప్పదనం గురించి తీరిగ్గా చెబుతుంటే, ఎదురుచూపుల సంగతి ఈయనా నాకు చెప్పేది అని ఆవిడ ముందు బల్ల మీద కూర్చుని పళ్లు నూరుకుంటుంది. "రావయ్యా ప్రభూ" అని అందరూ గొంతు కలిపేచోట పెదవి కూడా కదపదు.

వీధిలో అందరూ పిన్ని అన్నారని మెత్తటి మనిషి అనుకునేరు! కరిగే గుణం ఆవిడ సరుకుకే గానీ ఆవిడకు లేదు. కొవ్వొత్తి దగ్గర బేరమాడిన వాళ్లను, చీకట్లో కూర్చోండి, అసలు ఖర్చే ఉండదు అని పంపించేసిన మనిషి. మొగుడు పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లు కూడా కుర్చీ అంచున కూర్చుని, పని ఉందంటూ లేచిపోయారు.

పని నేర్పింది నాన్న. కొడుకుల్లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. అచ్చు మధ్యలో వత్తిని నిటారుగా పట్టుకోవడం అక్క వంతు, మైనం పొయ్యడం చెల్లెలి వంతు. పోసిన మైనం చల్లారేకొద్దీ లోపలికి కుంగుతుంది. వత్తి చుట్టూ గుంట పడుతుంది. అది పడేదాకా ఆగి, పుల్లతో పొడిచి, అందులో మళ్లీ పొయ్యాలి. దాన్ని నాన్న రెండో పోత అనేవాడు. అది ఎగ్గొడితే, పైపైన నాలుగు చుక్కలు వేసి కప్పేస్తే, చూడ్డానికి నున్నగానే ఉంటుంది. లోపల మాత్రం డొల్ల. ఎన్నో చీవాట్లు తిని పిన్ని మైనం దగ్గర మాత్రం ఓపిక నేర్చుకుంది. వత్తి పట్టే అక్క లేకపోయాక అచ్చు మీద అడ్డంగా పుల్ల పెట్టి, దానికి వత్తి కట్టుకుంటోంది.

అక్క చచ్చిపోలేదు. చచ్చిపోయినా బాగుండేదని పిన్ని నోరారా అన్న రోజులున్నాయి. అమ్మ చివరి రోజుల్లో అక్క వాళ్లింట్లో ఉంది. ఒక సాయంత్రం ఎందుకో మనసు పీకి, పిన్ని ఫోన్ చేసి బయల్దేరుతున్నానంది. అక్క ఒద్దంది. అమ్మ నిద్రపోతోంది, బాగానే ఉంది, ఆగు, రేపు రా అంది. పిన్ని ఆగింది. తెల్లారేసరికి అమ్మ లేదు.

అప్పట్నుంచి మాటల్లేవు. ఒకే చర్చి, ఈవిడ ముందు బల్ల, ఆవిడ ఆఖరి బల్ల. మధ్యలో ఎవరైనా రాజీ మాట ఎత్తితే పిన్ని జవాబు ఒకటే. అదే రావాలి. నా గుమ్మం ముందు నిలబడి తప్పయిందనాలి. దానికోసమే ఎదురుచూస్తున్నానని గర్వంగా చెప్పుకునేది కూడా.

ఈ ఏడు ఫాదరుగారు నాలుగో కొవ్వొత్తి గురించి అడగడానికి వచ్చినప్పుడు పిన్ని ఉండబట్టలేకపోయింది.

"ఎదురుచూస్తే ఏం దొరుకుతుంది ఫాదర్? ఏళ్ల తరబడి చెబుతున్నారుగా."

ఆయన మరుగుతున్న మైనం దగ్గరికి జరిగాడు. "దొరికేది మనం అనుకున్నట్టు ఉండదమ్మా. రాజు కోసం చూసినవాళ్లకు పశువుల కొట్టంలో పసిబిడ్డ కనిపించాడు. ఎలా రావాలో మనమే రాసిపెట్టుకుని కూర్చుంటే, వచ్చినా గుర్తుపట్టలేం."

అంగీ మీద మైనం పడుతుంది, ఇక దయచెయ్యండి అని ఆయన్ను సాగనంపింది పిన్ని. ఆయన వీధి మలుపు తిరిగేదాకా గొణుగుతూనే ఉంది.

నాలుగో కొవ్వొత్తి అచ్చులో పోసి చెయ్యి తుడుచుకుంటుండగా తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే అక్క. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, చేతిలో ఏమీ లేదు. వచ్చింది! ఇన్నాళ్లకు వచ్చింది!

"ఆగు," అంది లోపల్నుంచి.

ఆ మాట ఎంత తియ్యగా ఉందో! కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. నేల తుడిచింది. అక్క బయట మెట్టు మీద చలిగాలిలో కూర్చుని దగ్గుతోంది. దగ్గనీ అనుకుంది. చెవులు తలుపు దగ్గరే ఉన్నాయి గానీ, అచ్చులో మైనం కుంగుతున్న సంగతి మాత్రం మరిచిపోయింది. చివరికి తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పు నాదే," అంది అక్క లేచి నిలబడుతూ. "అమ్మ బాగానే ఉందని అబద్ధం చెప్పాను. రాత్రి దాటదని డాక్టరు అప్పటికే చెప్పాడు."

ఇన్నేళ్లూ పిన్ని అది పొరపాటనే అనుకుంది. పొరపాటుకే ఇంత కోపం పెట్టుకుంది.

"నువ్వు గదిలోకొస్తే అమ్మకి నేను కనబడేదాన్ని కాదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఆ ఒక్క రాత్రి నన్నొక్కదాన్నే చూస్తుందనుకున్నా. చూళ్లేదు. నువ్వొచ్చావా అని అడుగుతూనే పోయింది."

"పో ఇక్కణ్ణించి," అంది పిన్ని.

తలుపు ధడాలున వేసింది. ఎదురుచూసిన క్షమాపణ గుమ్మంలోకే వచ్చింది, వచ్చి ఇంకాస్త లోతుగా పొడిచిపోయింది. పుల్లతో పొడవకుండానే, పైన కనిపించిన గుంట మీద కాస్త మైనం పోసి కప్పేసింది. మర్నాడు అచ్చు విప్పి, గుడ్డతో రుద్ది, చర్చికి పంపేసింది.

నాలుగో ఆదివారం కొవ్వొత్తి చక్కగానే వెలిగింది. పాట సగంలో ఉండగా మంట రెపరెపలాడి లోపలికి దిగిపోయింది. కరిగిన మైనం డొల్లలోకి జారింది, వత్తి పక్కకు పడింది, పొగ లేచింది. పాట ఆగిపోయింది. చర్చి మొత్తం పిన్ని వంక చూసింది. ఆ డొల్ల ఎలా వచ్చిందో అక్కడ తెలిసినవాళ్లు ఇద్దరే.

పిన్ని తల వంచుకుని పీఠం దగ్గరికి నడిచింది. పక్కన వెలుగుతున్న మూడో కొవ్వొత్తి మంట చుట్టూ కరిగిన మైనం నిండుగా ఉంది. అది తీసి ఇందులో పొయ్యొచ్చు. పొయ్యడానికే రెండు చేతులూ కావాలి, వత్తిని ఎవరు నిలబెడతారు? మూడో కొవ్వొత్తి చేతిలోకి తీసుకుంది. అమ్మ తనని అడుగుతూ పోయిందన్న మాట చెవిలో గింగురుమంటోంది. అది తనకు చెప్పాల్సిన అవసరం అక్కకు లేదు, నోరు మూసుకుని ఉండొచ్చు. అయినా మెట్టు మీద కూర్చుని, చలికి దగ్గుతూ ఆగి మరీ చెప్పింది.

ఆఖరి బల్ల వైపు తిరిగింది.

"రా," అంది.

అక్క నమ్మలేనట్టు చూసింది. తర్వాత లేచి, బల్లలు పట్టుకుంటూ మెల్లగా వచ్చింది.

"నీ మీద కోపం పోలేదు," అంది పిన్ని, గొంతు తగ్గించి. "పోతుందని కూడా చెప్పను. వత్తి పట్టుకో."

అక్క పట్టుకుంది. పిన్ని పోసింది. వేడి మైనం వేళ్ల మీద పడినా అక్క చెయ్యి తియ్యలేదు. గట్టిపడేదాకా వదలకూడదని ఇద్దరికీ తెలుసు. తల ఎత్తకుండా అలాగే నిలబడ్డారు. వాళ్ల కోసం చర్చి అంతా ఆగింది.