నేను అనని 'ఆగు'

దయ్యాల విషయంలో నాది చాలా శుభ్రమైన చరిత్ర. హాస్టల్లో తెల్ల దుప్పటి కప్పుకుని జూనియర్లను జడిపించింది నేనే కాబట్టి, దుప్పటి లోపల ఎవరుంటారో నాకు మొదటి నుంచీ తెలుసు. ఇప్పుడు చలిదేశంలో, హాలిఫాక్స్‌లో ఒక యూనివర్సిటీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం. ఏదైనా జరిగితే అది లాగ్‌లో, అంటే యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టాలో, ఉంటుంది. లాగ్‌లో లేదంటే జరగలేదు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఈ ఒక్క సిద్ధాంతంతో హాయిగా బతికాను.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకోవాలి. నేను దేన్నైనా పెంచి చెబుతాను. మా పెరట్లోకి వచ్చిన కుందేలు మర్నాటికి నా నోట్లో జింక అయింది, వారం తిరిగేసరికి జింకల గుంపయింది. మా ఆవిడ సుజాత నేను చెప్పే ప్రతి అంకెనూ మూడుతో భాగించి వింటుంది. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను. నా పొట్ట గురించీ ఇక్కడి చలి గురించీ కాస్త పెంచితే పెంచుతానేమో గానీ, ఆ పది నిమిషాల గురించి మాత్రం ఒక్క మాట కూడా కలపలేదు.

సుజాత తమ్ముడు కిషోర్. ముప్పై ఆరేళ్ళవాడు. వారమంతా బుద్ధిగా కోడ్ రాసుకుంటాడు, శనివారం వచ్చిందంటే కొండ మీద నుంచి దూకుతాడు. బేస్ జంపింగ్ అంటారు. విమానం లేదు, కొండ అంచు నుంచే దూకడం. వీపున ఒకే ఒక్క పారాచూట్. విమానం నుంచి దూకేవాళ్ళకు రెండోది కూడా ఉంటుంది, ఎందుకంటే అది తెరుచుకునేంత ఎత్తు వాళ్ళకుంది. వీళ్ళకు అంత ఎత్తు ఉండదు కాబట్టి రెండోది మోయడం దండగ.

ఈ ముక్క వాడు మా డైనింగ్ టేబుల్ దగ్గర చెప్పినప్పుడు సుజాత అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నావైపు తిరిగి, "వాడు నా మాట వినడు. మీరు వాడితో వెళ్ళండి. ఆపలేకపోయినా కనీసం కింద నిలబడండి" అంది. నా ఆకారం చూసి పరుపులాగా పనికొస్తాననుకుందో ఏమో.

అలా నేను నేల మనిషినయ్యాను. అంటే కింద, పారాచూట్ దిగే చోట నిలబడి, గాలి ఎటుందో చూసి, రేడియోలో పైవాళ్ళకు చెప్పే మనిషి.

ఆ కొండ పేరు చెప్పను. అది వాళ్ళ కట్టుబాటు. పేరు బయటికి పొక్కితే ఆ చోటు తెలియనివాళ్ళు వచ్చి దూకుతారు, ఎవరో ఒకరు పోతారు, ఆ తర్వాత అందరికీ గేటు పడుతుంది. సముద్రం పక్కన ఉంటుందని, హాలిఫాక్స్ నుంచి నాలుగు గంటల డ్రైవ్ అని మాత్రం చెప్పగలను. ఎత్తు వెయ్యి అడుగులని మా ఆఫీసులో చెప్పాను. నిజానికి నాలుగు వందల చిల్లర.

అక్కడ పెద్ద దిక్కు వాల్టర్. అరవై దాటిన మనిషి, చేపల పడవల మీద పనిచేసి రిటైరయ్యాడు. కొత్తవాళ్ళెవరైనా ముందు ఆయన్ని అడిగాకే ఆ అంచు మీద కాలు పెట్టాలి. ఆయన పెట్టిన నియమాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. అంచు దాకా వెళ్ళి ఎవరైనా వెనక్కి తిరిగితే ఎందుకని అడగకూడదు, నవ్వకూడదు. కిందికొచ్చాక ఫ్లాస్కులోంచి మొదటి కప్పు కాఫీ వాళ్ళకే పోయాలి.

నా కోసం ప్రత్యేకంగా ఒక నియమం పుట్టింది. మొదటి రోజు గాలి ఎలా ఉందని అడిగితే, "రాక్షసిలా ఉంది, నా టోపీ ఈపాటికి సముద్రం దాటి న్యూఫౌండ్‌లాండ్ చేరుంటుంది" అన్నాను. వాళ్ళు అన్నీ సర్దుకుని గంటసేపు నడిచి కిందికి దిగారు. చూస్తే గాలి తెలియడానికి కర్రలకు కట్టిన రిబ్బన్లు తడి బట్టల్లా వేలాడుతున్నాయి, టోపీ నా నెత్తి మీదే ఉంది. వాల్టర్ కోప్పడలేదు. కథలు కాఫీ దగ్గర చెప్పు, చాలా ఇష్టంగా వింటాను అన్నాడు. రేడియోలో మాత్రం రెండే మాటలు. గాలి బాగుంటే 'క్లియర్', లేకపోతే ఆగమని 'హోల్డ్'. మూడో మాట వినపడితే నిన్ను కారులో కూర్చోబెడతాను అని మెల్లగా చెప్పాడు.

రెండేళ్ళు ఆ రెండు మాటలతోనే నెగ్గుకొచ్చాను. నా జీవితంలో అంత పొదుపుగా ఇంకెక్కడా మాట్లాడలేదు.

ఆ శనివారం పొద్దున పది గంటలు. సెప్టెంబరు ఎండ, పల్చటి మబ్బు. పైన కిషోర్, వాల్టర్. కింద గులకరాళ్ళ ఒడ్డున నేనొక్కణ్ణి. మిగతావాళ్ళెవరూ రాలేదు. నాలుగు కర్రలు పాతి, నాలుగు నారింజ రంగు రిబ్బన్లు కట్టాను. అక్కడ సముద్రం ఆటుకు చాలా దూరం వెనక్కి పోతుంది, పోటుకు కొండ మొదలుదాకా వచ్చేస్తుంది. ఒడ్డు పొడిగా ఉన్నప్పుడే దిగాలి. ఇంకో అరగంట ఉంది.

వాల్టర్ అంచు దగ్గర తాళ్ళు చూసుకుంటున్నాడు. కిషోర్ రేడియోలోకి వచ్చాడు.

"బావా, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?"

"ఇంకా దూరంలోనే ఉన్నాయి. నువ్వు దిగి, స్నానం చేసి, పౌడర్ రాసుకుని వెళ్ళచ్చు."

"అక్కకి చెప్పావా ఇవాళ జంప్ అని?"

"చెప్పాను. గోంగూర పప్పు చేస్తానంది. నీకు కాదులే, నాకు."

"నువ్వు ఇంకా తింటే ఆ ఒడ్డు కుంగుద్ది బావా."

ఇక్కడే మేం తప్పు చేశాం. రేడియోలో తెలుగు మొదలయ్యాక 'క్లియర్', 'హోల్డ్' అన్నవి ఎటో పోయాయి. వాల్టర్‌కి భాష రాదు కాబట్టి ఆయన ఆపలేదు.

ఒక అల వచ్చి రాళ్ళ మీద విరిగింది. ఆ హోరులో వాడు ఏదో అడిగాడు. 'బావా' అన్నది వినపడింది, చివర 'నా' అన్నది వినపడింది. మధ్యలో ఏముందో తెలియలేదు. నేను "ఆఁ?" అన్నాను.

తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. మన 'ఆఁ' రెండు రకాలు. తోక పైకి లేస్తే 'ఏమన్నావు?' అని. తోక కిందికి దిగితే 'అవును' అని. నాకున్న చెడ్డ అలవాటేమిటంటే, మాట పూర్తయ్యేలోపే రేడియో బటన్ వదిలేస్తాను. తోక తెగిపోయింది. పైకి వెళ్ళింది ఉత్త 'ఆఁ'.

వాడు అడిగింది, "బావా, కింద క్లియరేనా?" అని.

నాకప్పటికి అది తెలియదు. మళ్ళీ అడుగుతాడులే అనుకుని, వంగి ఒక కర్ర సరిగ్గా పాతుతున్నాను. ఎదురుగా ఉన్న రిబ్బన్ లేచింది. ఏదో పురుగు తగిలినట్టు ఒకసారి వణికి, తిన్నగా చాచుకుంది, కొండ వైపుకి. తలెత్తి చూస్తే నాలుగూ అలాగే ఉన్నాయి. సముద్రం మీంచి కొండ వైపుకి గాలి. అన్నిటికంటే చెడ్డ గాలి అది. తెరుచుకున్న పారాచూట్‌ని తిప్పి, మనిషిని తీసుకెళ్ళి రాతికి కొడుతుంది.

పైకి చూశాను. అంచు మీద కిషోర్ ఎర్ర హెల్మెట్. రెండు చేతులూ పక్కలకు చాపి ఉన్నాయి. ఆ భంగిమ నాకు తెలుసు. దాని తర్వాత మూడు, రెండు, ఒకటి తప్ప ఇంకేమీ ఉండదు.

బటన్ నొక్కాను. 'హోల్డ్' అనాలి. రెండేళ్ళుగా నేర్చుకున్న మాట నోటికి రాలేదు. "ఆగు, ఆగు, ఒరేయ్ ఆగు" అని గొంతు చిరిగేలా అరిచాను. జవాబు లేదు. మళ్ళీ అరిచాను. చేతులు అలాగే ఉన్నాయి. నాకు ఆ క్షణంలో సుజాత పొయ్యి దగ్గర నిలబడి గోంగూర తుంచుతూ కనిపించింది. ఆవిడకు ఈ మాట ఎవరు చెబుతారు, ఏమని మొదలుపెడతారు అన్న ఆలోచన వచ్చింది.

ఎర్ర హెల్మెట్ ఒక్కసారి పక్కకు తిరిగింది. అలాగే కాసేపు ఉంది. తర్వాత ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి వేసి, కనిపించకుండా పోయింది.

ఆ వెంటనే అసలు గాలి వచ్చింది. రెండు కర్రలు పడిపోయాయి. నా టోపీ నిజంగానే పోయింది.

నా కేకలు విని ఆగాడనుకుని, రేడియో తీసి చూశాను. మా ఛానల్ మూడు. నా రేడియో ఏడులో ఉంది. రేడియో బెల్టుకు తగిలించి, దాని వైరు మైకు కాలరుకు పెట్టుకుంటాను; కర్ర పాతడానికి వంగినప్పుడు పొట్ట ఒత్తుకుని మీట తిరిగిపోయింది. అంటే 'ఆఁ' ఒక్కటే వాడికి చేరింది. అరిచిన 'ఆగు'లన్నీ ఎవరూ లేని ఏడో ఛానల్లోకి పోయాయి. ఆ అలల హోరులో నా నోటి అరుపు నాలుగు వందల అడుగుల పైకి వెళ్ళే అవకాశమే లేదు.

రిబ్బన్లు చూసి ఆగుంటాడని సర్దిచెప్పుకుంటూ కారు దగ్గరికి నడిచాను.

గంట తర్వాత వాళ్ళు దిగొచ్చారు. కిషోర్ మొహంలో రంగు లేదు. వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"థాంక్స్ బావా. నువ్వు ఆగు అనకపోతే అయిపోయేది."

నాకేమనిపించిందో దాచను. ఇది ఉంచేసుకుందామనిపించింది. బావమరిదిని కాపాడిన బావ. ఇంక బతికినంత కాలం ఆ ఇంట్లో నా మాటను ఎవరూ మూడుతో భాగించరు. నోరు తెరవకుండా నిలబడితే చాలు.

వాడు ఇంకో మాట అన్నాడు. "కానీ నువ్వు అంత మెల్లగా కూడా మాట్లాడతావని నాకు తెలీదు బావా. పక్కన నిలబడి చెప్పినట్టే ఉంది."

నేను మెల్లగా అనలేదు.

అప్పుడు వాల్టర్ అడిగాడు, "ఆగు అంటే ఏమిటి?" అని. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి, ఆ దీర్ఘం దీర్ఘంగానే పలికాడు. తనకు రెండుసార్లు వినపడిందట. నీ గొంతే అన్నాడు. రేడియోలోనా అని అడిగితే ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. ఎడమ పక్క నుంచి, అన్నాడు. ఆ అంచుకు ఎడమ పక్క నేల లేదు. కొండ అక్కడ లోపలికి విరిగి ఉంటుంది. ఉన్నదంతా గాలే.

వాళ్ళలో ఇంకో ఆచారం ఉంది. ప్రమాదం తప్పిన రోజున ఇంటికి వెళ్ళే ముందు కూర్చుని, ఎవరి వల్ల ఏం జరిగిందో ఏమీ కలపకుండా చెప్పాలి. విన్నవాళ్ళు తిట్టకూడదు, ఓదార్చకూడదు. చెప్పినందుకు థాంక్స్ అనాలి, అంతే. కారు డిక్కీ అంచు మీద కూర్చుని నేను చెప్పాను. 'ఆఁ' గురించి, తెగిన తోక గురించి, ఏడో ఛానల్ గురించి. ఆగు అని మీకు చెప్పింది నేను కాదని కూడా చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన అతి చిన్న కథ అది.

వాల్టర్ చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. కిషోర్‌కి మొదటి కప్పు పోశాడు.

తర్వాత హెల్మెట్ కెమెరాలో వీడియో చూశాం. నా 'ఆఁ' శుభ్రంగా ఉంది, ఆశీర్వదించినట్టు. తర్వాత వాడి ఊపిరి. మూడు. రెండు. ఆ తర్వాత గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. 'ఆగు' లేదు. ఏమీ లేని ఆ చోటే వాడు ఎడమకు తిరిగి, ఖాళీ గాలి వైపు చూసి, "ఏంటి బావా?" అంటాడు. కెమెరా వెనక్కి తిరిగినప్పుడు వాల్టర్ కనిపిస్తాడు. ఆయన కూడా అటే, సరిగ్గా అదే చోటికి చూస్తున్నాడు. రేడియో ఉన్నది కిషోర్ కుడి భుజం మీద.

ఆ వీడియో పదకొండు సార్లు చూశాం. పదకొండే.

వాడి భయమే నా గొంతుతో పలికిందనుకుందామంటే వాల్టర్‌కి ఎలా వినపడింది? గాలి మోసుకెళ్ళిందనుకుందామంటే అరుపు మెల్లటి మాటగా ఎలా మారింది? మెల్లగా మాట్లాడటం నాకు ఇప్పటికీ రాదు. ఇంటికొచ్చి సుజాతకు అంతా చెప్పాను. పప్పు గిన్నె దించి నా మొహంలోకి చూసింది. "ఈసారి మీరేమీ కలపలేదు" అంది. ప్రశ్నగా కాదు, తేల్చి అంది.

కిషోర్ ఇప్పటికీ దూకుతున్నాడు. నేల మనిషిని నేనే. తప్పు చేసి ఒప్పుకున్నవాడే జాగ్రత్తగా ఉంటాడని వాల్టర్ పట్టుబట్టాడు. రేడియో ఇప్పుడు మెడలో వేసుకుంటున్నాను. ఇంట్లో కూడా 'ఆఁ' మానేశాను. 'అవును' అంటాను, లేదా 'ఏమన్నావు' అంటాను.

లాగ్‌లో ఉన్నదే జరిగిందని నమ్మేవాణ్ణి. ఆ రోజుకు లాగ్ ఆ వీడియోయే, అందులో నాది ఒక్క మాటే ఉంది. అది దూకమన్న మాట.

'క్లియర్' అన్నాక వెంటనే బటన్ వదలను. మూడు అంకెలు లెక్కపెట్టి వదులుతాను. ఆ మూడు అంకెల సేపూ నా ఎడమ పక్కకు మాత్రం చూడను.