పొదిలి దాకా ఓ స్నానపు తొట్టి

మా ఇంట్లో నా చదువుకి పెద్ద గౌరవమేమీ లేదు. మట్టి పట్టీలతో, నీళ్ల తొట్లతో నయం చేసే ప్రకృతి వైద్యం నాలుగో ఏడాది చదువుతున్నానని నేను చెప్పుకుంటాను. "మా శిరీష బురద డాక్టరు" అని నాన్న చెప్పుకుంటాడు. గుంటూరు శివార్లలో ఉన్న మా కాలేజీలో తెల్లవారకముందే ముక్కులో ఉప్పునీళ్లు పోసుకోవడంతో రోజు మొదలై, ఉప్పూ కారం లేని కూరతో ముగుస్తుంది. మధ్యలో బూడిద గుమ్మడికాయ రసం. సాయంత్రం గేటు బయట మిరపకాయ బజ్జీల బండి పెట్టగానే ఆ వాసన యోగా హాల్లోకి వచ్చేస్తుంది, శవాసనంలో ఉన్న శవాలన్నీ ఒక్కసారిగా కదులుతాయి.

అలాంటి నన్ను చుట్టాలందరిలో మొదటిసారి డాక్టరని పిలిచింది మా మేనత్త సామ్రాజ్యం. పొదిలి దగ్గర పల్లెలో అత్తకీ మామయ్యకీ రెండెకరాల మిరప, కాస్త పత్తి ఉన్నాయి. ఒక రోజు ఫోన్ చేసి, ఏడాదిగా మలబద్ధకంతో చస్తున్నానని చెప్పింది. అక్కడి డాక్టరు పరీక్షలన్నీ చేసి భయపడాల్సిందేమీ లేదన్నాడట, మాత్రలిచ్చాడట. మాత్ర వేసుకున్న రోజు పరవాలేదు, వేసుకోని రోజు నరకం. ఎవరికీ చెప్పొద్దని అప్పట్లో ఒట్టు వేయించుకుంది. "ఇప్పుడు రాసుకోవే, అందులో సిగ్గేముంది" అని తనే అంది కాబట్టి రాస్తున్నాను.

మలబద్ధకానికి మాకు మొదట నేర్పేది కటి స్నానం. కుర్చీలా వీపు ఆనించుకునే తొట్టిలో నడుము మునిగేలా చల్లటి నీళ్లు పోసి, కాళ్లు బయటపెట్టి కూర్చోవాలి. శని, ఆదివారాల్లో అత్తకి పద్ధతి నేర్పిస్తానని చెప్పి మా చికిత్సల మేడంగారిని బతిమాలి ఒక పాత తొట్టి తీసుకున్నాను. సోమవారం గీత పడకుండా తిరిగి ఇవ్వాలన్నది ఆవిడ షరతు. పక్కన మేడం లేకుండా నేను ఒక మనిషికి వైద్యం చెయ్యడం అదే మొదలు. అత్తకి నయమైతే నాన్న నోరు మూయించవచ్చు. కాకపోతే జన్మంతా బురద డాక్టర్నే.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం ఆరింటికి గుంటూరులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే నాకు సున్నా టికెట్టు వచ్చింది, తొట్టికి మాత్రం అరవై రూపాయల లగేజీ టికెట్టు పడింది. ఇదేంటని కండక్టరు గారు అడిగితే స్నానాల తొట్టి అని చెప్పాను. "ఒంగోలు వైపు తొట్లకేం కరువమ్మా, నీళ్లకి గానీ" అన్నారాయన. అందరితో పాటు నేనూ నవ్వాను. బస్సు మిర్చి యార్డు దాటేసరికి ఆ నవ్వులన్నీ తుమ్ముల్లోకి దిగాయి. కొత్తగా వచ్చేవాళ్లు ఆ రెండు కిలోమీటర్లు కిటికీ మూసుకోవడం మంచిది.

చిలకలూరిపేటలో బస్సు ఆగీ ఆగకముందే వెనక కిటికీలోంచి ఒక తువ్వాలు వచ్చి సరిగ్గా తొట్టిలో పడింది. తువ్వాలు తాలూకు పెద్దాయన ఆ తర్వాత ఎక్కి, తన సీటు ఏదో చూసుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. "తువ్వాలేశాక నాదేగా" అని తొట్టిలో కూర్చుని, వీపు ఆనించి, ఒంగోలు దాకా హాయిగా నిద్రపోయాడు. దిగేటప్పుడు నడుం నొప్పి తగ్గినట్టుందన్నాడు. నీళ్లు లేకుండానే ఒక కేసు నయమైందని నేను సంబరపడ్డాను.

తొమ్మిదింటికి ఒంగోలు. బస్టాండు ఎదుట చిన్న హోటల్లో నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. కారప్పొడి వద్దన్నాను. ఇడ్లీలు దించుతున్న ఆవిడ చెయ్యి ఆపి, "ఒంట్లో బాలేదామ్మా?" అని జాలిగా అడిగింది. పథ్యమని చెప్పాను. ఆ మాటకి ఆవిడ మొహంలో పెరిగిన జాలి చూడలేక, కారప్పొడి వేయించుకుని పైన నెయ్యి కూడా పోయించుకున్నాను. వారం రోజుల గుమ్మడికాయ రసం ఒక్క ముద్దతో మాఫీ. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ అర గ్లాసు నీళ్లతో సరిపెట్టుకున్నాను. పొదిలి బస్సులో ఇంకా గంటన్నర కూర్చోవాలి కదా. సంచిలో లీటరు సీసా ఉంది, దాని మూత అసలు తియ్యనే లేదు.

చీమకుర్తి దాకా నల్లరాతి బండల లారీల వెనక నెమ్మదిగా, ఆ తర్వాత కంది చేల మధ్య జోరుగా సాగి పల్లెవెలుగు బస్సు పదకొండింటికి పొదిలి చేరింది. అక్కణ్నుంచి ఆటో. ఆటో అన్న రెండు వందలు అడిగి, నూట యాభైకి ఒప్పుకుని, తొట్టిని పైన బోర్లించి తాడుతో కట్టాడు. దారంతా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. మా ఆటోని చూసి కోతల్లో ఉన్న ఆడవాళ్లు నడుములెత్తి నిలబడ్డారు.

అత్త ఆ రోజు కోతకి పోకుండా నాకోసం ఎదురు చూస్తోంది. మామయ్య అరుగు మీద పారకి పిడి బిగిస్తున్నాడు. అత్త నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, తలుపు గడియ పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని తొట్టి చుట్టూ ఒకసారి తిరిగింది.

"నీళ్లెన్ని కావాలే?"

"ఎక్కువేం కాదత్తా. నాలుగు బిందెలు."

అత్త నవ్వడం మొదలుపెట్టి ఆగలేకపోయింది. ట్యాంకరు నిన్న వచ్చి పోయిందట, మళ్లీ ఎల్లుండి. వీధి బోరు ఎండిపోయింది. ఇంట్లో ఉన్నవి మూడు బిందెలు, తాగే నీళ్ల టిన్ను ఒకటి. కండక్టరు మాట అప్పుడు బుర్రకెక్కింది. జల చికిత్సలో మంచి మార్కులు తెచ్చుకుని, నీళ్లు లేని ఊరికి తొట్టి మోసుకొచ్చాను. భూమి బద్దలై నన్ను మింగేసినా బాగుండుననిపించింది.

"నాలుగు బిందెల్లో కూర్చోవాలా? నేను నాలుగు బిందెలు తాగాలంటే ఉగాది దాటుద్ది" అంది అత్త కళ్లు తుడుచుకుంటూ.

నేనూ నవ్వబోయి ఆగిపోయాను. రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతావని అడిగాను. పొద్దున టీ, అన్నం తిన్నాక ఒక గ్లాసు, చేలో గొంతు తడుపుకోవడానికి ఒక గుక్క. అంతే. ఫోన్లో ఈ మాట నేను అడగకపోలేదు. నీళ్లు తాగుతున్నావా అంటే, తాగకపోతే బతుకుతానా అంది. సరేనని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను.

"మరి దాహం వెయ్యదా అత్తా?"

"ఎందుకెయ్యదు? పొద్దున్నే కోతకి దిగితే పొద్దుగూకేదాకా అక్కడే. నీళ్లు తాగితే పోవాలి. పోవాలంటే యాడికి పోను? చుట్టూ నడుమెత్తు మిరప చెట్లేనాయె, చాటెక్కడుంది? నేనొక్కదాన్నేనా, కోతకొచ్చే ఆడాళ్లందరం అంతే."

పచ్చడి నూరే పద్ధతి చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అంతలో అత్త నా సంచిలోంచి సీసా పైకి తీసింది. "దీని మూతే తియ్యలేదే. నీకు దాహం లేదా డాక్టరమ్మా?"

గుంటూరు నుంచి అయిదు గంటలు నేను చేసుకొచ్చిందీ అదే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

బయట మోపెడ్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. అన్నాలు తిని మూడింటికి మేం చేనుకి వెళ్లేసరికి గట్టు మూల నాలుగు వాసాలు పాతి ఉన్నాయి. రాత్రిళ్లు మిరప రాశి మీద కప్పే పచ్చ పరదా వాటి చుట్టూ బిగించి ఉంది. లోపల ఒక గుంట, పక్కన మట్టి కుప్ప, ఒక తట్ట. మామయ్య పార పట్టుకుని చెమటతో నిలబడి ఉన్నాడు. పెరటి గోడ ఇవతల మాట్లాడుకుంటే అరుగు మీదికి వినిపిస్తుందని మాకు తట్టనే లేదు.

"ముప్పై ఏళ్ల నుంచి కాపరం చేస్తున్నావు. ఒక్క మాట చెప్పొచ్చుగా" అన్నాడు మామయ్య.

"అడిగావా?" అంది అత్త.

మామయ్య వంగి, పరదా అంచు ఇంకొంచెం బిగించాడు. అత్త నా సీసా మూత తీసి, దించకుండా సగం తాగి నాకిచ్చింది. మిగతాది నేను తాగాను. కోతలో ఉన్న ఆడవాళ్లు మమ్మల్నీ, పరదానీ మార్చి మార్చి చూసి, ఒక్కొక్కరే గట్టు మీది నీళ్ల టిన్ను దగ్గరికి వచ్చారు.

ఆ సాయంత్రం అత్తకి చెంబెడు నీళ్లతో పొట్ట మీద తడిగుడ్డ పట్టీ వెయ్యడం నేర్పాను, డాక్టరుని అడగకుండా మాత్రలు మానొద్దని గట్టిగా చెప్పాను. తొట్టి మాత్రం తడవకుండానే తిరుగు ప్రయాణం కట్టింది. అయితే గిన్నెని ఖాళీగా తిప్పి పంపడం మా అత్త వంశంలో లేదు. తొట్టి నిండా జామకాయలు, గోంగూర, పైన పండుమిరప పచ్చడి జాడీ. సోమవారం మేడంగారు తొట్టి చుట్టూ తిరిగి గీతల కోసం వెతికారు. చికిత్స ఎలా జరిగిందని అడిగితే నీళ్లు పొయ్యకుండానే జరిగిందని చెప్పాను. ఆవిడ అంతా విని, ముందు తొట్టిని, తర్వాత జాడీని లోపల పెట్టించారు. జాడీ మళ్లీ బయటికి రాలేదు.

కొన్నాళ్లకి అత్త ఫోన్ చేసింది. పొద్దున్నే ఏ మాత్రా లేకుండా పనైపోతోందని ఊరందరికీ వినబడేలా చెప్పింది. రెండో టిన్ను మొయ్యలేక మామయ్య సణుగుతున్నాడట, అయినా మోస్తున్నాడట. పక్క చేలో కూడా పరదా లేచిందట. నాన్న నన్ను ఇంకా బురద డాక్టరనే అంటున్నాడు, కాకపోతే ఇప్పుడు చివర 'గారు' తగిలిస్తున్నాడు. నేను చదివిన పుస్తకాల్లో నీటి గురించి చాలా ఉంది. తాగడానికి భయపడే మనిషి ఎందుకు భయపడుతోందో అడగమని మాత్రం ఏ పేజీలోనూ చదివిన గుర్తు లేదు. ఆ ప్రశ్న ఇప్పుడు నేను అందరికంటే ముందు అడుగుతున్నాను.

ఈ దారిన వెళ్లే ఆడపిల్లలకి ఒకే ఒక సలహా. ప్రయాణం కదా అని నీళ్లు మానకండి, సీసా మూత తియ్యండి. ఒంగోలు, పొదిలి బస్టాండుల్లో ఆగి వెళ్లండి. పొదిలి దాటి దర్శి రోడ్డులో కాస్త దూరం వెళ్లాక అవసరమైతే, ఎడమ వైపు మిరప చేలో పచ్చ పరదా కనిపిస్తుంది. ఎవరినీ అడగక్కర్లేదు, మా అత్త చేనే.